గేటు దాటిన ఫ్రాకు

మా పాప ఎవాంజెలిన్ ఫోటో రొయ్యల కంపెనీలో గోడకు వేలాడుతూ ఉంటుంది. అద్దం, బంగారు రంగు ఫ్రేము, కింద ఇంగ్లీషులో ఏదో మంచి మాట. ఫోటోకు ఏసీ గది ఇచ్చారు. ఎవాంజెలిన్‌కు మాత్రం గేటు లోపల అడుగుపెట్టడానికి అనుమతి ఉండేది కాదు.

ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎప్పుడు పోయిందో చెప్తాను.

బోగోలు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఉంది మా కంపెనీ. చెరువుల్లో పట్టిన రొయ్య లారీల్లో వస్తుంది. మేం మూడు వందల మంది ఆడవాళ్ళం ఐసులో చేతులు పెట్టి తల తీసి, పొట్టు ఒలిచి, నరం లాగి ట్రేల్లో పేరుస్తాం. అక్కడి నుంచి అది ఓడెక్కి పరాయి దేశాలు పోతుంది. నేను కావలిలో ఇంటర్ దాకా చదివాను కాబట్టి అట్టపెట్టెల మీద ఆ దేశాల పేర్లు చదివి, పక్కన నిలబడే షబానాకు చెప్తుంటాను. షబానా చేతిలో నాకంటే చురుకు, మాటలో నాకంటే మెత్తన. వాళ్ళ అఫ్జల్ మా ఎవాంజెలిన్ కంటే ఏడాది చిన్నవాడు.

సరుకు కొనేవాళ్ళ తరఫున ఎప్పుడో ఒకసారి తనిఖీకి వస్తారు. వాళ్ళకు రెండు సంగతులు ముఖ్యం. కంపెనీలో చిన్న పిల్లల చేత పని చేయించడం లేదని చూపించాలి. పని చేసే తల్లుల పిల్లలకు ఒక గది ఉందని చూపించాలి. గది ఉంది, ఆ మాట అబద్ధం కాదు. గోడల మీద ఏనుగులు, చిలకలు వేయించారు. కింద మెత్తటి చాపలు పరిచారు. వెంకటశేషమ్మ అని ఒక ఆయాను కూడా పెట్టారు. తనిఖీ లేని రోజుల్లో ఆ గదిలో థర్మాకోల్ పెట్టెలు ఉండేవి, శేషమ్మక్క ప్యాకింగులో ఉండేది. తనిఖీకి ముందు రోజు పెట్టెలు బయటికి వచ్చేవి, శేషమ్మక్క లోపలికి పోయేది.

కరోనాకు రెండేళ్ళ ముందు అలాంటి తనిఖీకే పిల్లల్ని తీసుకురమ్మన్నారు. గేటు దగ్గర ఆడపిల్లలకు నీలం ఫ్రాకులు, మగపిల్లలకు నీలం చొక్కాలు తొడిగారు. ఎవాంజెలిన్‌కు అప్పటికి మూడేళ్ళు నిండలేదు. ఫ్రాకు అంచు పట్టుకొని గిరగిరా తిరిగింది. అప్పుడు తీసిందే ఆ ఫోటో. తనిఖీ వాళ్ళ కారు రోడ్డెక్కిన పది నిమిషాలకు సెక్యూరిటీ అతను గేటు దగ్గర చెయ్యి చాపాడు.

"ఫ్రాకులు ఇచ్చిపోండమ్మా. మళ్ళా వాడాల."

రోడ్డు పక్కన, పోయే వచ్చే వాళ్ళందరి ముందు పిల్లకు ఫ్రాకు విప్పాను. అది ఏడ్చింది. పాత గౌను సంచిలో ఉంది కాబట్టి సరిపోయింది. ఇంటికి వచ్చేదాకా నేను తల ఎత్తలేదు. సిగ్గుపడాల్సింది నేను కాదని తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

అప్పట్లో దాన్ని ఊళ్ళో అంగన్‌వాడీలో వదిలి పనికి వచ్చేదాన్ని. 2020లో కరోనా వచ్చింది. దేశమంతా తలుపులు వేసుకుంది. మా కంపెనీ కూడా వేసుకుని, కొన్నాళ్ళకే తీసేసింది. రొయ్య తినే వస్తువు కాబట్టి మాది అత్యవసరమైన పని అన్నారు. మాకు బస్సు పెట్టారు, పాసులు ఇచ్చారు, మాస్కులు ఇచ్చారు. బస్సులో సీటుకు ఒక్కరే కూర్చోవాలన్నారు. అన్నీ ఆలోచించారు. మేం పనికి వస్తే మా పిల్లలు ఎక్కడ ఉండాలో మాత్రం ఒక్కరూ ఆలోచించలేదు.

అంగన్‌వాడీ మూశారు. బడి మూశారు. చర్చిలో సండే స్కూలు కూడా మూశారు. నా భర్త హెన్రీ రొయ్యల లోడు బండి తోలతాడు. విశాఖపట్నం పోయి వస్తే ఊళ్ళోకి రానీకుండా బడి గదుల్లో ఉంచేవారు. చిట్టమూరులో ఉన్న మా అమ్మ మనవరాలిని చూసుకోవడానికి మూట కట్టుకొని బయల్దేరితే చెక్‌పోస్టు దగ్గర వెనక్కి పంపారు. పక్కింటి వాళ్ళను అడిగితే తలుపు సందులోంచే, "రోజూ బస్సులో పొయ్యొచ్చేదానివి గదమ్మే, నీ బిడ్డని ఎట్టా రానిచ్చేది" అన్నారు. వాళ్ళ భయం వాళ్ళది. నాకు వాళ్ళ మీద కోపం లేదు.

నేను ఏం చేశానో చెప్పుకోవడానికి నోరు రాదు. పిల్లను ఇంట్లో పెట్టి బయట గొళ్ళెం వేసి పోయేదాన్ని. గిన్నెలో అన్నం, చెంబులో నీళ్ళు, ఒక బొమ్మ. ఎదురింటి క్రీస్తురాజు తాత కిటికీలోంచి అప్పుడప్పుడు తొంగిచూస్తానన్నాడు. పొద్దున ఏడింటి నుంచి నాలుగింటి దాకా, నాలుగున్నరేళ్ళ పిల్ల. పని మానుకోరాదా అని అడిగేవాళ్ళుంటారు. మా బల్ల దగ్గర నేను ఖాళీ చేసిన చోటు ఒక్క పూట కూడా ఖాళీగా ఉండదు.

ఆగస్టులో ఒక రోజు పిల్ల పెరటి తలుపు గడియ తీసుకొని బయటికి పోయింది. తాత ఊరంతా వెతికి చివరికి రొయ్యల చెరువు గట్టు మీద చూశాడు. నీళ్ళు చిమ్మే చక్రాలు తిరుగుతున్న చోట, నీళ్ళలో కాళ్ళు పెట్టుకొని కూర్చుని ఉందట. ఇక్కడికి ఎందుకు వచ్చినావే అని అడిగితే, "మా అమ్మ రొయ్యల కాడ ఉంటాది" అందట. చెరువులో రొయ్యలుంటే పక్కన అమ్మ ఉంటుందని దాని నమ్మకం.

మర్నాడు హెచ్చార్ మేనేజరు పెంచలప్రసాద్ గారి గది ముందు నిలబడ్డాను. ఆయన చెడ్డ మనిషి కాదు. కాదనేటప్పుడు కూడా చెయ్యి ఊపుతూ మెత్తగా చెప్తాడు, అంతే.

"పిల్లల గదిలో మా పిలకాయల్ని ఉండనీండి సార్."

"కోవిడ్ రూల్సమ్మా. ఆ గది మూసేసినాం గదా."

సరే అని వచ్చేశాను. ఆ మధ్యాహ్నం ట్రేలు కడిగే వైపు పోతే ఏసీ బయటి పెట్టె గుర్రుమంటూ నీళ్ళు కారుస్తోంది. మూసిన గదికి ఏసీ ఎందుకని కిటికీలోంచి చూశాను. ముగ్గురు పిల్లలు బల్లల ముందు కూర్చుని ట్యాబుల్లో ఆన్‌లైన్ క్లాసులు వింటున్నారు. శేషమ్మక్క వాళ్ళకు పాలు ఇస్తోంది. వాళ్ళ తల మీదుగా, గోడ మీద నుంచి, నీలం ఫ్రాకులో మా ఎవాంజెలిన్ నవ్వుతోంది. చేతుల్లో ట్రేలు అక్కడే పడేసి మళ్ళీ ఆయన గదికి పోయాను.

"ఆ ముగ్గురూ ఎవురు సార్?"

"స్టాఫ్ పిల్లలమ్మా. మీరు కాంట్రాక్టు. అయినా వాళ్ళు క్వార్టర్స్ నించి కార్లో వస్తారు. మీరు ఊళ్ళల్లోంచి వస్తారు. రేపు వైరస్ వస్తే ఎవురు జవాబు చెప్పేది?"

"బల్లకి ముప్పై మందిమి నిలబడి ఒలిస్తే రాని వైరస్, మా పిలకాయలు కూసుంటే వస్తాదా?"

"అందులో నా కూతురు కూడా ఉండాదమ్మా" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "మా ఆవిడ కావలి ఆస్పత్రిలో నర్సు. ఇంట్లో చూసేదానికి మాకు ఎవురూ లేరు."

"మాకూ లేరు సార్. నేను చెప్పేదీ అదే గదా."

ఆయన ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది మోగలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నేను వచ్చేశాను. ఆ ముగ్గురు పిల్లల మీద నాకు ఈర్ష్య లేదు, ఒట్టు. వాళ్ళను ఆ గదిలోంచి లేపమని నేను అడగలేదు. చాప పెద్దది, జరిగి కూర్చోమంటున్నాను.

సెప్టెంబరులో తనిఖీ వచ్చింది. ఈసారి కార్లు లేవు. చెన్నైలో కూర్చున్న మేడమ్ ఒకరు వీడియోలో చూస్తారట. పెంచలప్రసాద్ గారు మాస్కు లాక్కుంటూ ఒలుపు హాల్లోకి వచ్చాడు.

"గురువారం మీ పిలకాయల్ని తీసుకురండమ్మా. ఒక అరగంటే పని. పదకొండుకి మళ్ళీ బస్సులో ఇళ్ళకి పంపిస్తాం."

హాలంతా ఒక్క క్షణం చేతులు ఆగాయి. వైరస్ సంగతి ఏమైందని నేను అడగబోతే షబానా నా కాలు తొక్కింది. మెత్తని మనిషి తొక్కితే గట్టిగానే తగులుతుంది.

"అట్టాగే సార్" అంది షబానా. "తప్పకుండా తెస్తాం."

సాయంత్రం బస్సులో సీటుకొకరం కూర్చుని, మాస్కుల్లోంచి అరుచుకుంటూ మాట్లాడుకున్నాం. తేవడం దాకా అందరం ఒప్పుకున్నాం. తిరిగి తీసుకుపోకుండా ఆ గదిలోనే ఉంచేద్దామన్న దగ్గరే తేడా వచ్చింది. తొమ్మిది మంది తల్లులం ఉన్నాం. ఉన్న పని పోతే ఎట్లా అని ఇద్దరు ముగ్గురు భయపడ్డారు. భయపడడంలో తప్పేముంది, నాకూ భయంగానే ఉంది.

"పొద్దన్నే మా అఫ్జల్ని మంచం కోడుకి చీరతో కట్టేసి వస్తాండా" అంది షబానా. "సాయంత్రం పొయ్యి విప్పితే నా మొహం తట్టు చూడడు. ఇంతకంటే ఇంకేం పోవాలబ్బా?"

ఆ తర్వాత ఎవరినీ ఒప్పించాల్సిన పని లేకపోయింది.

గురువారం పొద్దున తొమ్మిది మంది పిల్లలతో దిగాం. సెక్యూరిటీ అతను ఒక్కొక్కరి నుదుటి దగ్గర మిషను పెట్టి చూసి, సంచులు చూశాడు. పెరుగన్నం డబ్బాలు, నీళ్ళ సీసాలు, తుండు గుడ్డలు, అఫ్జల్ దిండు.

"అరగంట పనికి దిండు ఎందుకమ్మా?"

"వాడికి దిండు లేకపోతే ఏడుపు. తనిఖీలో ఏడిస్తే బాగుంటాదా?" అన్నాను. బాగుండదని ఒప్పుకొని లోపలికి పంపాడు.

పిల్లలకు తొడగడానికి మూట విప్పారు. అవే నీలం ఫ్రాకులు, అవే చొక్కాలు. ఉతికి, మడతపెట్టి, కలరా ఉండలు వేసి దాచారు. బట్టలంత జాగ్రత్తగా దాచినవాళ్ళకు, పిల్లలు రెండేళ్ళలో పెరుగుతారని మాత్రం తోచలేదు. ఎవాంజెలిన్ ఫ్రాకు తొడల దాకా వచ్చింది. వీపు మీద గుండీలు అందలేదు. మాకు నవ్వు ఆగలేదు. పెంచలప్రసాద్ గారు మొహం మాడ్చుకొని, "కెమెరాకి వీపు తిప్పనీకండి" అన్నాడు. స్టాఫ్ పిల్లలు ఆ రోజు రాలేదు. వద్దన్నారట.

పదిన్నరకు వీడియో మొదలైంది. పెంచలప్రసాద్ గారు ల్యాప్‌టాప్ రెండు చేతులతో పట్టుకొని గది నాలుగు మూలలా తిప్పాడు. ఏనుగులు, చిలకలు, ఫోటో, చాపలు, పిల్లలు. మేడమ్ తల్లుల్లో ఎవరితోనైనా మాట్లాడాలంది. ఇంటర్ చదివినదాన్ని కదా, నన్నే ముందుకు పిలిచాడు.

"పిల్లలు ఇక్కడికి రోజూ వస్తారా?" అని ఆమె ఇంగ్లీషులో అడిగింది.

"రోజూ వస్తారా అంటాండారు. అవునని తలూపమ్మా" అన్నాడు ఆయన, పెదవులు కదపకుండా.

తల ఊపితే ఎవాంజెలిన్ మళ్ళీ గొళ్ళెం వెనక్కి పోతుంది. లేదంటే ఆర్డరు పోతుంది, మూడు వందల మంది ఇళ్ళల్లో పొయ్యి ఆరిపోతుంది. వాళ్ళంతా నా పక్కన నిలబడి ఒలిచేవాళ్ళే. బస్సులో అనుకున్న మాటలేవీ ఆ నిమిషంలో నాకు గుర్తు రాలేదు. పిల్ల వైపు చూశాను. వీపు గోడకు ఆనించి బుద్ధిగా కూర్చుంది. అప్పుడు నోటికి వచ్చింది, నాకు వచ్చిన ఇంగ్లీషులోనే.

"ఫ్రమ్ టుడే, మేడమ్. ఎవ్రీ డే."

పెంచలప్రసాద్ గారి గొంతులో వెలక్కాయ పడింది. ఈ రోజు నుంచా, అదేమిటని మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుంది. ఆయన గబగబా అందుకున్నాడు. కోవిడ్ వల్ల గదిని కొన్నాళ్ళు మూశామనీ, ఈ రోజే తిరిగి తెరిచామనీ, ఇక రోజూ తెరిచే ఉంటుందనీ ఇంగ్లీషులో దండకం చదివాడు. వెరీ గుడ్ అని మేడమ్ రాసుకుంది. నేను చెప్పింది అబద్ధం కాదు. ఆయన చెప్పింది అబద్ధం అవుతుందో కాదో ఇంకా తేలాలి.

పదకొండు దాటాక వీడియో ముగిసింది. బయట రెండు లారీలు రొయ్యతో వచ్చి నిలబడ్డాయి. ఎండ మండిపోతోంది.

"ఇంక పిల్లల్ని బస్సెక్కించి మీరు హాల్లోకి పోండమ్మా" అన్నాడు ఆయన.

మేం తొమ్మిది మందిమీ పిల్లల పక్కన చాపల మీద కూర్చున్నాం.

"ఏందిది? లేవండమ్మా. అవతల సరుకు వచ్చి ఉండాది."

"లేస్తాం సార్. పిలకాయలు ఈడనే ఉంటారంటే ఈ నిమిషమే లేస్తాం."

"అబిగయీలూ, నువ్వు ఎక్కువ మాట్లాడతాండావు. నీ పేరు రాసుకుంటా."

"ఇంటిపేరుతో రాసుకోండి. బడి తెరిచుంటే మా పిలకాయల్ని ఈడికి తెచ్చేవాళ్ళమా? ఇంట్లో పెట్టి గొళ్ళెం పెట్టి వస్తాండాం. మా బిడ్డ చెరువు గట్టున దొరికింది. ఇంకోసారి గట్టున దొరకదు, చెరువులో దొరుకుతాది."

"అది నా చేతిలో లేదమ్మా."

"అయితే ఇంకో దారి ఉండాది. మా పిలకాయల్ని మాతోపాటే హాల్లోకి తీసకపోతాం. బల్ల కింద కూసోపెట్టుకోని ఒలుస్తాం." లేచి నిలబడ్డాను. "ఈ గదిలో కూసుంటే కంపెనీ పిలకాయలు. ఆ హాల్లో కూసుంటే బాల కార్మికులు. మేడమ్‌కి ఏ మాట రాసి పంపిస్తారో మీరే చెప్పండి సార్."

నిజంగా తీసుకుపోయేదాన్నా? ఐసు నీళ్ళు, క్లోరిన్ వాసన, కత్తుల మధ్యకు? పోయేదాన్ని కాదు. ఆయనకు మాత్రం ఆ సంగతి తెలియదు. బాల కార్మికులు అన్న మాట మా కంపెనీలో నిప్పు అన్న మాటతో సమానం. ఆయన మొహంలో రంగు మారింది. ఫోను తీసుకొని వరండాలోకి పోయాడు. ఈసారి నిజంగానే మాట్లాడాడు, జి.ఎం. గారితో. హాల్లోని మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వరండాలో నిలబడ్డారు. పిల్లలు లేనివాళ్ళు, పిల్లలు పెద్దయినవాళ్ళు కూడా. రమ్మని మేం ఎవరినీ పిలవలేదు. లారీల కింద నుంచి ఐసు నీళ్ళు కారి గేటు దాకా పోతున్నాయి.

ఆయన తిరిగి వచ్చి శేషమ్మక్కతో, "గదికి తాళం వెయ్" అన్నాడు.

శేషమ్మక్క అప్పటిదాకా మూల కూర్చుని అఫ్జల్‌ను జోకొడుతోంది. తాళంచెవి తీసి చూసుకొని, మళ్ళీ బొడ్డులో దోపుకుంది.

"నన్ను ఆయా అని పెట్టుకోని పెట్టెలు మోయించినారు. మొన్నటి నించి పాలు ఇయ్యమంటే ఇస్తాండా. మీ పాపకి జడ వేసింది నేనే గదా సార్?" ఆమె గొంతు పెంచలేదు. "ఈ పిలగాడు నిద్రపోతాండాడు. లేచిందాకా తాళం వెయ్యను. రేపు మీ పాప వస్తే ఈళ్ళ పక్కనే కూసోపెడతా. చోటుండాది."

పెంచలప్రసాద్ గారి చూపు మా మీద లేదు, కారుతున్న లారీల మీద ఉంది. చివరికి, "ఇవాళ్టికి ఉండనీండి. రేపటి సంగతి జి.ఎం. గారితో మాట్లాడతా" అన్నాడు.

"ఎవ్రీ డే అని మీరే చెప్పినారు సార్, మేడమ్‌తో" అంది షబానా. ఇంగ్లీషులో ఆమె పలికిన మొదటి మాట అదే.

ఆ మాటకు వరండాలో వాళ్ళంతా ఘొల్లున నవ్వారు. ఆయన కూడా మాస్కు వెనక నవ్వాడేమో, నాకు తెలియదు. మేం క్లోరిన్ నీళ్ళలో చేతులు ముంచి హాల్లోకి పోయాం. ఆ రోజు మా చేతులు ఎప్పుడూ ఆడనంత వేగంగా ఆడాయి. ఏప్రిల్ నుంచి మొదటిసారి, పిల్ల ఎక్కడుందో తెలిసి నేను పని చేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతులు రొయ్యలో ఉన్నాయి కాబట్టి తుడుచుకోలేదు, కారనిచ్చాను.

నాలుగింటికి పిల్లల్ని తీసుకొని బయటికి వచ్చాం. మర్నాడు ఆ తలుపు తీస్తారో లేదో మాలో ఎవరికీ తెలియదు. తీయకపోయినా పిల్లలతోనే దిగాలని అప్పటికే అనేసుకున్నాం. గేటు దగ్గర సెక్యూరిటీ అతను అలవాటు ప్రకారం చెయ్యి చాపాడు.

"ఫ్రాకులు ఇచ్చిపోండమ్మా."

నేను నోరు తెరిచేలోపలే ఎవాంజెలిన్ నా వెనక్కి పోయింది. వీపు గుండీలు అందని ఆ పొట్టి ఫ్రాకును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ఇయ్యను" అంది.

"రేపు ఇద్దువులేమ్మా" అన్నాడు అతను, పిల్ల కదా అని.

"రేపు కూడా ఇయ్యను. రేపు ఏసుకోని రావాల."

నేను దాని చెయ్యి పట్టుకొని గేటు దాటాను. ఈసారి తల దించలేదు.